నా చేతుల లేదన్న మాట

జిందగీల మస్తు అబద్ధాలు చెప్పిన నేను. అందరి లెక్కనే. అవన్నీ ఎటువోయినయో తెల్వదు. ఒక్కటి మాత్రం పోతలేదు. బువ్వ తినేటప్పుడు గొంతుకాడ అడ్డం ఉంటది. ఎవలన్న వచ్చి "డాక్టర్ సాబ్, మీరు మా పాలిటి దేవుడు" అంటె లోపలి నుంచి గుద్దుతది. ఇన్నేండ్లు మోసిన. నా పెండ్లానికి చెప్పలె, పిల్లలకు చెప్పలె. మీకెందుకు చెప్తున్న? మీరు నన్ను ఎరుగరు గనుక. ఎరిగినోళ్ళయితే ఈ ఒక్క ముక్క సుత రాసేటోన్ని కాదు. గంత పిరికోన్ని. నా పేరు రాయను, దవాఖాన పేరు రాయను. గది నా ఇజ్జత్ కోసమే. మల్ల గా స్వార్థం గూడ దాచుడెందుకు?

ముందుగాల ఒక షరతు. "పాపం, గప్పటి రోజులు గట్లనే ఉండె" అని మాత్రం అనకుండ్రి. గా మాట నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్న. రోజులు చెప్పలె ఆ అబద్ధం. నేను చెప్పిన.

మాది కేతేపల్లి దిక్కు ఒక పల్లె. మా నాయినకు తేలు మంత్రం వచ్చు. ఎవలనన్న తేలు కుడితె ఎత్తుకొని మా ఇంటికే ఉరికొచ్చేది. నాయిన తినే బువ్వ ఇడిచిపెట్టి లేచేటోడు. యాపకొమ్మ తోటి కుట్టిన జాగను పైకెళ్ళి కిందికి దూసుకుంట, పెదవులు కదిలిచ్చుకుంట కూసునేటోడు. పైస ముట్టకపోయేది. ముడితె మంత్రం పారదట. ఇంకొకలకు చెప్పినా పారదట. గ్రహణం పట్టిన్నాడు పీకలబంటి నీళ్ళల్ల నిలబడి గురువుకాడ తీస్కున్నడట. నేను పట్నంల డాక్టరు చదువు చదువుకుంట సెలవులకొచ్చి ఆయనను ఎక్కిరిచ్చేటోన్ని. నిజంగ పనిచేసేదయితె నలుగురికి చెప్పాలె గని కడుపుల దాసుకునుడేంది నాయినా, అనేటోన్ని. నాయిన నవ్వేటోడు. ఎవలకు చెప్పకుండనే పోయిండు. గా మాట అన్నోన్ని నేనే. జర యాదిల పెట్టుకోండ్రి.

చదువు అయినంక పట్నంల ఒక పెద్ద దవాఖానల, గుండె జబ్బుల వార్డుల పడ్డ. సాగర్ కాడ డ్యాం కడుతున్న కాలమది. వార్డుల నా మాటకు అందరు నవ్వేది. "గిట్ల" అంటె నవ్వు, "జర" అంటె నవ్వు. రోగులు మా దిక్కోళ్ళే, వాళ్ళు మాట్లాడేది గీ మాటే, కని డాక్టరు నోట్ల వస్తె నవ్వులాట. వార్డుకు పెద్ద ఒకాయన ఉండె. పెద్దసారు అనేది మేము. ఆయన సుత నవ్వేటోడు. కని నా చెయ్యి వణకదు. పని చూసిండు, నవ్వుడు బంద్ చేసిండు, నన్ను పక్కకు తీస్కున్నడు. నవ్వు బంద్ అయిన దినం నాకు ఎంత తియ్యగ ఉండెనో మీకు చెప్పలేను. ఆ తీపి కోసమే అంతా చేసిన అనిపిస్తది ఒక్కోసారి. మల్ల అది సుత సాకేనేమో.

గప్పుడే మా వార్డుకు గా పెట్టె వచ్చింది.

గుండె తనంతల తానే కొట్టుకుంటది గద. కొందరికి పైకెళ్ళి వచ్చే హుకుం కిందికి అందదు. నాడి మెల్లగయితది, నడుమ నడుమ ఆగుతది. మనిషి నిలబడ్డకాడ్నే కూలవడ్తడు. మల్ల లేస్తడు. ఒకనాడు లేవడు. గోళీలు, సూదులు దానికి పెద్దగ పనిచెయ్యవు. అసొంటోళ్ళకు చెయ్యి నరంలకెళ్ళి సన్నటి వైరు గుండె దాక పంపి, బయట బ్యాటరీ పెట్టెకెళ్ళి జరంత జరంత కరెంటు ఇస్తె, హుకుం అందినట్టే గుండె కొట్టుకుంటది. పేస్‌మేకర్ అంటరు. ఇప్పుడు ఒంట్లనే కుట్టి పంపుతుండ్రు. గప్పుడు మాకు తెలిసింది మంచం పక్కన పెట్టె, ఒంట్లకు వైరు.

లోపల వైరు ఎటు పోతాందో చూడనీకె ఎక్స్‌రే తెర కావాలె. గా తెర పట్నంల తప్ప ఏడ లేకుండె. గందుకనే అది పెద్దోళ్ళ పని అని పేరువడ్డది. కని ఒకనాడు తెర మిషన్ ఖరాబైంది. మంచం మీద మనిషి పోతుండు. పెద్దసారు ఏం చేసిండంటె, వైరు బయటి కొసను ఈసీజీ మిషన్‌కు తగిలిచ్చి, కాయితం మీద గుండె గీతలు చూసుకుంట వైరును మెల్లగ తోసిండు. వైరు గుండె లోపలికి వొయ్యంగనే గీత ఎగిరింది. లోపలి గోడకు తాకంగనే ఇంకో తీరుగ మారింది. గంతే. పెట్టె తగిలిచ్చిండు, మనిషి కండ్లు తెరిచిండు. తెర లేదు, ఏం లేదు. అటెన్క నేను సుత గట్లనే చేసిన, ఒక్కసారి కాదు, మస్తు సార్లు. ఓపిక ఉండి నేర్పేటోడుంటె ఏ డాక్టరుకైనా వస్తది. ఈసీజీ మిషన్ ఒకటి, పెట్టె ఒకటి, నేర్పేటోడు ఒకడు. మూడే.

ఆనాడు పెద్దసారు చేతులు కడుక్కుంట, నవ్వుకుంటనే అన్నడు: "ఈ పద్ధతి బయట చెప్పకండోయ్. అందరికీ వస్తే మన గుమ్మం ఎవడు తొక్కుతాడు?"

గప్పుడు నాకు మా నాయిన యాదికి రావాలె. రాలె. గురువు నా ఒక్కనికే మంత్రమిచ్చినట్టు ఖుషీ అయిన.

కొన్నాళ్ళకు నన్ను మా జిల్లాకే తోలిండ్రు. జర ఓపిక పట్టు, ఇక్కడ జాగ ఖాళీ అయితె నిన్నే పిలుస్త అని పెద్దసారు మాటిచ్చిండు. జిల్లా దవాఖానల పెద్ద డాక్టరు రహీం సాబ్. తెల్లగడ్డం, పాన్ నమిలే నోరు, రోగి పేరు అడగకుండ చెయ్యి వెయ్యని మనిషి. ఆయన ఎవల కాళ్ళు పట్టుకున్నడో గని, అసొంటి పెట్టెనే ఒకటి, వైర్ల తోటి, సర్కారు కాడికెళ్ళి తెప్పిచ్చి అల్మారల పెట్టిండు. ఈసీజీ మిషన్ ముందుగాల్నే ఉండె. నేను పోయిన్నాడే అల్మార తెరిచి, కొత్త పెండ్లికొడుకు గడియారం చూపిచ్చినట్టు చూపిచ్చిండు. నువ్వొచ్చినవు, ఇగ మనోళ్ళకు పట్నం తిప్పలు తప్పింది అన్నడు.

నాకేమనిపిచ్చిందో చెప్పాల్నా? సంబురం రాలె. గీడ కుదిరిందంటె రేపు మహబూబ్‌నగర్ల కుదురుతది, ఎల్లుండి ఎక్కడన్న కుదురుతది. ప్రతి దవాఖానల ఒకడు నేర్సుకుంటడు. ఇగ నాదేంది గొప్ప? నన్ను పట్నం పిలిచేదెవలు? నవ్వినోళ్ళు మల్ల నవ్వరా? ఒక్క నిమిషంల గివన్నీ అనుకున్న. "తెర లేకుంటె కష్టం సాబ్, చూద్దాం" అన్న. రహీం సాబ్ మొకం చిన్నవోయింది. నమ్మిండు. నేర్సుకొచ్చినోడు చెప్తె నమ్మకేం చేస్తడు?

గట్ల పెట్టె అల్మారల ఉన్న కాలంలనే సైదులు మామ వచ్చిండు.

సైదులు మామ మా ఊరి గౌండ్లాయన. తాళ్ళు గీసేటోడు. కులం వేరే గని ఊరి వరసకు మామ. చిన్నప్పుడు నన్ను తాడి కింద కూసోవెట్టి ముంజలు చెక్కి నోట్ల పెట్టేటోడు. ఆయన పెండ్లాం ఎల్లమ్మత్త. మామకు ఒక ఎండకాలం నుంచి కండ్లు తిరిగి పడుడు మొదలైంది. గీత గీసేటోడు పడితె లోకం ఏమంటది? గీసిన కల్లు వాడే లేపుతుండు అన్నరు. మామ సుక్క ముట్టడు. ఆ సంగతి ఎల్లమ్మత్త ఊరంత తిరిగి చెప్పినా ఎవలు ఇనలె, పండ్లికిలిచ్చిండ్రు. ఆఖరికి ఒకనాడు పొద్దుగాల తాడి మీదనే సోయి తప్పింది. నడుముకు మోకు ఉండె గనుక కింద పడలె, ఏలాడిండు. తోటి గౌండ్లోళ్ళు ఎక్కి దింపుకొని, బండిల పండవెట్టి, అటెన్క ఎవల లారీనో బతిమిలాడి దవాఖానకు తెచ్చిండ్రు.

నాడి పట్టుకున్న. ఒకటి కొట్టి, రెండోది మర్శిపోయినట్టు ఆగుతాంది. ఈసీజీ తీసినం. నాకు చదువనీకె ఏం లేకుండె, అదే జబ్బు. రహీం సాబ్ నా దిక్కు చూసిండు.

"పెట్టె తియ్యమంటవా బేటా?"

"తెర లేకుండ వైరు పెడితె పాణానికే మోసం సాబ్. పట్నం తోలుదాం."

"ఇంకో తోవ లేదా?"

"లేదు సాబ్."

ఎల్లమ్మత్త మంచం కాళ్ళకాడ నిలబడి ఇంటనే ఉండె. కొంగు నడుముకు చెక్కి ముందలికొచ్చింది.

"అల్లుడా, మీ ఇద్దరి మాటలు నాకు సమజ్ కావు. మీ నాయిన ఎంతమందికి ఇసం దించిండు ఊర్ల? పైస అడగలె, రేపు రా అనలె. నువ్వు గాయన కొడుకువి. నాకొక్కటి చెప్పు. నీ చేతుల ఉంటె చెయ్యి. లేకుంటె లేదను. నువ్వు లేదంటె నేను పట్నం తీస్కపోత."

మామ పండుకున్నకాడికెళ్ళే చెయ్యి లేపిండు. "ఓసి, పోరన్ని సతాయించకే. ఆయన చేతుల ఉంటె చెయ్యడా?"

"నా చేతుల లేదత్తా" అన్న.

నా చెయ్యి వణకదని చెప్పిన గద. నాలుక సుత వణకలె.

ఎందుకన్న? ఇన్నేండ్ల సంది అడుగుతున్న. భయమా? ఊర్ల మనిషి, నా చేతుల పోతె ఊరి ముందల తలకాయ ఎట్ల ఎత్తుకోవాలె అన్న భయమా? గది కొంత ఉండె, కాదన. కని భయమయితె నిజం చెప్పి భయపడేటోన్ని, "చెయ్యొచ్చత్తా, కని నాకు భయమైతాంది" అనేటోన్ని, అప్పుడు రహీం సాబ్ నా భుజం మీద చెయ్యేసి పక్కన నిలబడేటోడు. భయం కాదు. ముందుగాల సాబ్‌కు "కష్టం" అని చెప్పిన. ఇప్పుడు చేసి చూపిస్తె గా మాట అబద్ధమయితది. మామ బతికితె నా అబద్ధం బయటవడ్తది! గీ లెక్క నా బుర్రల నిజంగ తిరిగింది. థూ. రాస్తుంటేనే ఒళ్ళు మండుతాంది. ముంజ చెక్కి నోట్ల పెట్టిన చెయ్యి మంచం మీద ఉంటె, నేను నా మాట పోతదని చూసుకున్న.

జీపు మాట్లాడిండ్రు. రహీం సాబ్ పెట్టెను సుత తెచ్చి నా ఒళ్ళె పెట్టిండు. మనకాడ పనికి రానిది, ఆడనన్న ఎవలకన్న పనికొస్తది, తీస్కపో అన్నడు. ఆ మాటల దెప్పుడు లేదు. ఉంటె బాగుండు. జీపుల మామ తల ఎల్లమ్మత్త ఒళ్ళె, పెట్టె నా ఒళ్ళె. నల్లగొండ దాటినంక అత్త అడిగింది, గా పెట్టె ఏందల్లుడా అని. సర్కారు సామానత్తా అన్న. ఆమె కొంగు కొస తోటి దాని మీది దుమ్ము తుడిచింది. సర్కారు సామాను గద, ఖరాబైతె నాకేమన్న అయితదని.

చిట్యాల కాడ ఒకసారి ఆగింది గుండె. రొమ్ము ఒత్తిన, వచ్చింది. మామ కండ్లు తెరిచి, పట్నం వచ్చిందా అని అడిగిండు. చౌటుప్పల్ దాటంగ మల్ల ఆగింది. ఒత్తిన. చేతులు పడిపోయేదాక ఒత్తిన. జీపు ఆపిచ్చి రోడ్డు మీద పండవెట్టి ఒత్తిన. రాలె. ఆ రోడ్డు మీద ఇంకేం చెయ్యనీకె లేకుండె, ఈసీజీ మిషన్ దవాఖానలనే ఉండిపాయె. దవాఖానల్నే వైరు పెట్టి బయలెల్లి ఉంటె, నా ఒళ్ళె ఉన్న పెట్టె దారిపొడుగున ఆయన గుండెను కొట్టిచ్చుకుంట వచ్చేది. పట్నం దాక తోల్కపోతుండె. అటెన్క ఎన్ని దినాలు బతుకుతుండెనో నాకు తెల్వదు. మిమ్ముల మోసం చెయ్య, నిజంగ తెల్వదు. తాడి మీద సోయి తప్పితె మోకు ఆయనను ఇడువలె. నేను ఇడిచిపెట్టిన.

పీనిగను ఊరికి తోలిచ్చి, పెట్టెను పట్నంల ఇచ్చిన. పెద్దసారు భుజం తట్టిండు. జిల్లాల్లో ఇవి కుదిరే పనులు కావోయ్, మంచి పని చేశావ్ అన్నడు. పైనుంచి అడిగినోళ్ళకు నేను సుత గదే చెప్పిన. జాగ ఖాళీ అయింది, నన్ను పిలిచిండ్రు. ఎవలు నవ్వలె ఇగ.

జిల్లాల కుదరదు! నల్లగొండల కుదరదు, పాలమూరుల కుదరదు. ఏండ్ల తరబడి గదే పాట. ఆత్మకూర్ అవతల కృష్ణ ఒడ్డు నుంచి బండి ఎక్కి, బస్సు మారి, మల్ల బస్సు మారి మా గుమ్మం దాక వచ్చేటోళ్ళు. వచ్చినోళ్ళనే నేను చూసిన. రానోళ్ళ సంగతి? హాలియా బస్సుల కూలవడ్డోడు, పొలం గట్టు మీద కూలవడ్డోడు, వాళ్ళను ఎవలు చూసిండ్రు? బస్సు వచ్చేదాక గుండె ఓపిక పట్టాల్నట. ఏం, గుండెకు బస్సు టైము తెలుసా? మా గుమ్మం తొక్కనీకె జనం సావాల్నా? గీ కోపం పెద్దసారు మీద ఎంత పెంచుకున్ననో! లోపల్లోపల ఎంత తిట్టుకున్ననో! మల్ల ఆలోచన చేస్తె, ఆయన అడిగింది నోరు మూసుకొమ్మని. మూసుకున్నది నా నోరు.

మా నాయినది నమ్మకం. చెప్తె మంత్రం పోతదని ఆయన నిజంగనే నమ్మిండు. ఒక్కరిని వాపసు పంపలె, ఒక్క పైస ముట్టలె. నేను ఎక్కిరిచ్చింది గసొంటోన్ని. నాది నమ్మకం కాదు, చెప్తె సుత పనిచేస్తదని నాకు మంచిగ ఎరుక. నాది యాపారం. ఇప్పుడు చూడుండ్రి, చిన్న చిన్న ఊర్ల దవాఖానల్ల, మీసం సరిగ మొలవని పోరలు, ఎవలో నేర్పితె నేర్సుకొని, తెర లేకుండనే వైరు పెట్టి రోగిని భద్రంగ పట్నం తోలుతుండ్రు. అందరికి చెప్పిండ్రు. చెప్పినంక సుత పారుతనే ఉంది.

ఇగ అన్నిటికన్న చెప్పరానిది ఒకటున్నది. మామ పెద్దదినం కర్మకు పోయిన. పోకుంటె అనుమానం వస్తదని పోయిన. ఎల్లమ్మత్త అందరిల నన్ను ముందల కూసోవెట్టింది. నా అల్లుడు చేతులు పడిపోయేదాక ఒత్తిండు, సొంత కొడుకు సుత గట్ల చెయ్యడు అని వచ్చినోళ్ళకల్ల చెప్పింది. మొదటి ఇస్తారి నాకేసింది. తిన్న. నేను గా బువ్వ తిన్న.

అటెన్క ఊరికి పోయినప్పుడల్ల ఆమె నా మొకం చూసి నాకే ధైర్యం చెప్పేది. నీ చేతుల లేకపాయె బిడ్డా, నువ్వేం చేస్తవు, ఫికర్ చెయ్యకు అనేది. ఒకసారి చెప్పుదామనే పోయిన. బస్సుల మాటలు కూర్చుకుంటనే పోయిన. ఆమె అప్పటికి మంచంల పడ్డది. గడపల కాలు పెట్టంగనే మల్ల గదే మాట అన్నది, ఫికర్ చెయ్యకు అని. నేను కూర్చుకున్న మాటలన్నీ మింగి, మందులిచ్చి, వాపసు వచ్చిన. కొన్ని దినాలకు ఆమె పోయింది. రహీం సాబ్ అంతకు ముందే పోయిండు. ఆయనకు సుత నేను చెప్పలె. పెట్టె ఉండి సుత మామను పట్నం తోలినందుకు ఆయన తననే తాను నిందిచ్చుకున్నడని తర్వాత తెలిసింది.

మాఫీ అడుగుతలేను. అడగనీకె వాళ్ళు లేరు. ఉన్నా వాళ్ళు మాఫీ చేస్తరని ఎరుక, గందుకనే అడగొద్దు. మీరు సుత చెయ్యకుండ్రి, మీది కాదు అది. రాసినంక గొంతుకాడిది జర కదిలింది. పోలె, కదిలింది. గంతే చాలు నాకు.

అత్తా, నువ్వు ఆనాడు అడిగింది ఒక్కటే. ఉంటె చెయ్యి, లేకుంటె లేదను అన్నవు. ఉండె అత్తా. నా చేతుల ఉండె.